చెయ్యి ఇక్కడ, పని అక్కడ: ఎండోస్కోపీ పనిముట్ల వెనక లెక్క

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఏ గ్యాస్ట్రో డాక్టరు గారి ఓపీ ముందు కాసేపు కూర్చున్నా ఈ మాట చెవిన పడుతుంది: "కెమెరా గొట్టం వేసి చూశారంట, ముక్క తీసి టెస్టుకి పంపారంట." కెమెరా సంగతి ఇప్పుడు ఎవరికీ వింత కాదు. జేబులో ఫోన్ ఉన్న ప్రతివాళ్లకీ కెమెరా ఎంత చిన్నదవగలదో తెలుసు. అసలు ఇంజినీరింగ్ ఉన్నది ఆ "ముక్క తీసి" దగ్గర. నోట్లోంచి దిగిన గొట్టం చివర, ఎవరి చెయ్యీ చేరని చోట, రెండు మూడు మిల్లీమీటర్ల కండని నలపకుండా, గోడకి చిల్లు పడకుండా కొరికి తేవడం ఎలా?

నేను ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెబుతాను. "మెడికల్ ఇన్‌స్ట్రుమెంట్ డిజైన్ చేస్తాం సార్" అంటూ వచ్చే పిల్లలు మొదట గీసుకొచ్చేది ఎప్పుడూ కొసనుండే దవడల బొమ్మే. పళ్లు ఎన్ని, ఎంత తెరుచుకోవాలి, అంచు ఎంత పదును అన్నవన్నీ ఉంటాయి. అది మూసుకోవడానికి బలం ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగితే "వైరు లాగుతాం కదా సార్" అంటారు. కష్టమంతా ఆ వైరులోనే ఉంది. దవడలు చేయగలిగినవాళ్లు చాలామంది ఉన్నారు. చేతికీ దవడకీ మధ్యనున్న మీటరున్నర దూరాన్ని డిజైన్ చేయగలిగినవాళ్లు తక్కువ.

ముందు దారి కొలతలు చూద్దాం. కడుపులోకి చూసే మామూలు గ్యాస్ట్రోస్కోపు గొట్టం బయటి మందం 9 నుంచి 10 మిల్లీమీటర్లు, పనికొచ్చే పొడవు మీటరు పైచిలుకు. ఆ పది మిల్లీమీటర్లలోనే కెమెరా చిప్పు, వెలుతురు మోసే గాజు పోగుల కట్టలు, గాలినీ నీళ్లనీ పంపే సన్న గొట్టాలు, కొసని నాలుగు వైపులా వంచే నాలుగు తీగలు సర్దుకోవాలి. అవన్నీ పోగా పనిముట్టుకి మిగిలే దారి 2.8 మిల్లీమీటర్లు. దీన్ని ఛానెల్ అంటారు. చికిత్స కోసమే చేసిన గ్యాస్ట్రోస్కోపుల్లో ఇది 3.7 దాకా, పిత్తనాళంలో రాళ్లు తీసే డ్యుయోడినోస్కోపులో 4.2 దాకా ఉంటుంది. కిడ్నీలోకి వెళ్లే సన్నటి యూరెటెరోస్కోపులో అయితే 1.2 మాత్రమే. ఇంకో అర మిల్లీమీటరు ఇవ్వొచ్చు కదా అనిపిస్తుంది. ఆ అర మిల్లీమీటరు రోగి గొంతులోంచి రావాలి మరి.

పైగా ఆ ఛానెల్ పనిముట్టు సొంత ఆస్తేమీ కాదు. లోపల చేరిన రక్తాన్నీ నీళ్లనీ పీల్చే దారి కూడా అదే. అందుకే 2.8 ఛానెల్లో వెళ్లే ఫోర్సెప్స్ (ముక్క కొరికే దవడల పనిముట్టు) మందం 2.3, 2.4 దగ్గరే ఆగుతుంది.

చరిత్రలోనూ చూపే ముందొచ్చింది, చెయ్యి తర్వాత వచ్చింది. 1868లో జర్మనీలో కుస్‌మౌల్ అనే డాక్టరు కత్తులు మింగే గారడీవాడి గొంతులోకి తిన్నటి గొట్టం దింపి కడుపులోకి చూశాడు. వంగే గొట్టంలోంచి చూడటానికి గాజు పోగుల కట్టలు కావాల్సి వచ్చాయి. 1954లో హరోల్డ్ హాప్కిన్స్, పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ కపానీ ఆ కట్టతో బొమ్మని పంపి చూపించారు. 1957లో బాసిల్ హిర్షోవిట్జ్ దాన్ని గ్యాస్ట్రోస్కోపు చేశాడు. పెద్దపేగులోని పాలిప్‌ని (లోపలి గోడ మీద పెరిగే చిన్న కండని) పొట్ట కోయకుండా, స్కోపులోంచి పంపిన తీగ ఉచ్చుతో కత్తిరించడం 1969లో గానీ కుదరలేదు. న్యూయార్క్‌లో హిరోమి షిన్యా, విలియం వోల్ఫ్ చేసిన పని అది. అక్కడి నుంచే ఎండోస్కోపీ పరీక్ష స్థాయి దాటి ఆపరేషన్ అవడం మొదలైంది.

దగ్గరగా చూస్తే

ఒక బయాప్సీ ఫోర్సెప్స్‌ని భూతద్దం కింద పెట్టండి. కొసన ఎదురెదురుగా రెండు చిన్న కప్పులు. ఒక్కో కప్పు వీపున ఒక కన్నం. కప్పులు మూసుకున్నప్పుడు మధ్యలో ఇరుక్కున్న కండ పూర్తిగా నలిగిపోకుండా కాస్త బయటికి ఉబకడానికి ఆ కన్నం. నలిగిన ముక్కలో కణాల ఆకారం చెదిరిపోతుంది, అప్పుడు పాథాలజిస్టు ఎంత చూసినా ఏమీ తేల్చలేరు. కొన్ని రకాల్లో రెండు కప్పుల నడుమ సన్నటి ముల్లు ఉంటుంది. జిగటగా జారిపోయే గోడ మీద అది గుచ్చుకుని నిలబెడుతుంది. మొదటి ముక్కని జారనీయకుండా పట్టి ఉంచి, స్కోపులోంచి బయటికి తీయకుండానే రెండో ముక్క కొరకనిస్తుంది. కప్పుల వెనక ఇరుసు, ఇరుసు వెనక గోరంత కూడా లేని లింకులు, వాటికి అతికిన తీగ. తీగ చుట్టూ చుట్టకి చుట్ట ఆనుకునేలా చుట్టిన స్టీలు కాయిల్, దాని మీద ప్లాస్టిక్ తొడుగు. ఇలా 160 సెంటీమీటర్లు నడిచాక హ్యాండిలు వస్తుంది. పెద్దపేగు పనికైతే ఈ పొడవు 230 సెంటీమీటర్లు.

ఆ హ్యాండిలు ఎవరి చేతిలో ఉంటుందన్నది బయటివాళ్లకి తెలియని సంగతి. డాక్టరు గారి ఎడమచెయ్యి స్కోపు చక్రాల మీద, కుడిచెయ్యి గొట్టం మీద ఉంటుంది. అందుకని ఫోర్సెప్స్ హ్యాండిలు పక్కన నిలబడ్డ సిస్టర్ దగ్గరో, టెక్నీషియన్ దగ్గరో ఉంటుంది. "ఓపెన్ సిస్టర్... ఆ, అక్కడే... క్లోజ్. మెల్లగా, మెల్లగా..." అని గదిలో వినిపించేది అందుకే. ఎక్కడ కొరకాలో తేల్చే కళ్లు ఒకరివి, ఎంత బిగిసిందో తెలిసే వేళ్లు ఇంకొకరివి. ఒక పనిముట్టుని ఇద్దరు మనుషులు వాడతారన్న సంగతి కాగితం మీది బొమ్మలో కనపడదు. హ్యాండిలు ఎంత మెత్తగా కదలాలి, మూసుకోగానే వేలికి తెలిసేలా ఎక్కడ ఆగాలి అన్నవి ఆ రెండో మనిషి కోసం ఆలోచించాల్సినవి.

ఇక తీగ సంగతి. కాయిల్ లోపల తీగ కదిలే ఈ ఏర్పాటు సైకిలు బ్రేకు కేబులే. బయటి తొడుగు నొక్కుడు భరిస్తుంది, లోపలి తీగ లాగుడు భరిస్తుంది. హ్యాండిలు దగ్గర కేబులు మెలిక పడితే బ్రేకు ఎంత నొక్కినా సరిగ్గా పట్టదు. పేగులో ఇంతకన్నా చాలా మెలికలుంటాయి.

వంగిన తొడుగులో తీగని లాగితే రాపిడి ఎంతో లెక్క కట్టొచ్చు. డిగ్రీకి ఇంత అని కూడుకుంటూ పోయే లెక్క కాదది, గుణించుకుంటూ పోయేది. రాపిడి గుణకం 0.15 అనుకుందాం. దారి ఒక యూ టర్న్ తిరిగితే, కొసకి 1 కిలో లాగుడు అందడానికి హ్యాండిలు దగ్గర 1.6 కిలోలు లాగాలి. ఒక పూర్తి చుట్టుకి 2.6 కిలోలు. రెండు చుట్లయితే 6.6 కిలోలు. టెఫ్లాన్ పూతతో గుణకాన్ని 0.1కి దించగలిగితే ఆ 6.6 కాస్తా 3.5 అవుతుంది. ఒక సన్నటి పూత చేసే మేలు అంత. ఇంకో తమాషా ఏమిటంటే, ఈ సూత్రంలో వంపు ఇరుగ్గా ఉందా వెడల్పుగా ఉందా అన్న ప్రశ్నే రాదు. మొత్తం ఎన్ని డిగ్రీలు తిరిగిందన్నదే లెక్క. బోర్డు మీద రాస్తే పిల్లలు అనుమానంగా చూస్తారు. తీగకి సొంత బిరుసు ఉంటుంది కాబట్టి నిజంలో ఇరుకు వంపు ఇంకాస్త పట్టేస్తుంది, వాళ్ల అనుమానంలో ఆ మేరకు న్యాయం ఉంది. అయినా పెద్దపేగులో సాఫీగా తిరిగినట్టు కనిపించే పెద్ద లూపు కూడా చేతి బలాన్ని మింగేస్తుందన్నది నిజం. స్కోపుని వెనక్కి లాగి లూపు విప్పాకే డాక్టర్లు పనిముట్టు పంపడానికి ఇష్టపడే కారణాల్లో ఇదొకటి.

రాపిడితో కథ అయిపోలేదు. తీగ సాగుతుంది కూడా. స్టీలు సాగుతుందా అనకండి. 0.5 మిల్లీమీటర్ల మందం, 160 సెంటీమీటర్ల పొడవున్న స్టీలు తీగని 2 కిలోల బలంతో లాగితే దాదాపు 0.8 మిల్లీమీటర్లు సాగుతుంది. 230 సెంటీమీటర్లదైతే 1.2. దవడలు మూసుకోవడానికి కావాల్సిన కదలికే కొన్ని మిల్లీమీటర్లు అయినప్పుడు, అందులో ఒక మిల్లీమీటరు దారిలోనే పోవడం చిన్న నష్టమేమీ కాదు. సరే, 0.7 మిల్లీమీటర్ల తీగ వేద్దాం. సాగుడు సగానికి తగ్గుతుంది. కానీ వంపుకి ఎదురు తిరిగే బిరుసు మందానికి నాలుగో ఘాతంతో పెరుగుతుంది, అంటే దాదాపు 4 రెట్లు. ఇప్పుడు స్కోపు కొస వంగనంటుంది. సన్న తీగలు కొన్ని పురి పెట్టి ఒకటిగా చేస్తే మొత్తం మందం ఉంటూనే వంపు సులువవుతుంది. కానీ ఒంటి తీగ తిప్పుడుని తీసుకెళ్లినంత నమ్మకంగా పురి తీగ తీసుకెళ్లదు, ఒక వైపు తిప్పితే బిగుస్తుంది, ఇంకో వైపు తిప్పితే వదులవుతుంది. ఈ రంగంలో ఉచితంగా వచ్చేది ఏదీ ఉండదు.

కొస వంగకపోవడం ఎక్కడ నొప్పెడుతుందంటే, కడుపు పైభాగాన్ని చూసేటప్పుడు. గ్యాస్ట్రోస్కోపు కొస 210 డిగ్రీల దాకా వెనక్కి మళ్లి తన గొట్టాన్ని తానే చూడగలదు. అలా మళ్లించి పుండుని తెర మధ్యకి తెచ్చాక ఛానెల్లోకి ఫోర్సెప్స్ తోస్తే, దాని బిరుసుకి వంపు కాస్త విప్పుకుని పుండు తెర పక్కకి పోతుంది. అందుకే దవడల వెనకుండే గట్టి లోహపు భాగం ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. లింకుల కోసం వాడే ప్రతి అదనపు మిల్లీమీటరూ ఆ వంపు దగ్గర అడ్డం పడుతుంది.

తోయడం, పట్టడం, వదలడం

లాగడం ఒక రకం కష్టమైతే తోయడం ఇంకో రకం. సన్నని తీగని వెనక నుంచి తోస్తే ముందుకి వెళ్లే బదులు మధ్యలో మెలికలు తిరుగుతుంది. ఆధారం లేని పొడవు రెట్టింపైతే, తీగ మడతపడటానికి చాలే బలం నాలుగో వంతుకి పడిపోతుంది. పిత్తనాళంలోకి ముందుగా పంపే దారి చూపే తీగల్లో, అంటే గైడ్‌వైర్లలో, అందుకే నికెల్, టైటానియం కలిపిన నిటినాల్ వాడతారు. మామూలు స్టీలు ఒక శాతం కూడా సాగకముందే శాశ్వతంగా వంగిపోతుంది, నిటినాల్ దాదాపు 8 శాతం దాకా సాగి మళ్లీ తిన్నగా అవుతుంది. గైడ్‌వైరు కొసని మెత్తగా, నడుముని గట్టిగా ఉంచుతారు. మెత్తటి కొస దారి వెతుకుతుంది, గట్టి నడుము తోపు అందిస్తుంది.

పట్టుకోవడంలో ఏ దవడ ఏ వస్తువుకి అన్నది చూడటానికి మింగిన రూపాయి బిళ్ళ మంచి ఉదాహరణ. బిళ్ళ రకాన్ని బట్టి 20 నుంచి 25 మిల్లీమీటర్లు, ఛానెల్ 2.8. బిళ్ళ ఛానెల్లోకి రాదు, పనిముట్టు దాన్ని పట్టుకుని ఉంటే స్కోపు, బిళ్ళ కలిసి బయటికి రావాలి. బయాప్సీ కప్పులు నున్నటి లోహం మీద జారిపోతాయి. ఎలుక పళ్ల ఫోర్సెప్స్ అని పిలిచేది బిళ్ళ అంచు కిందికి పన్ను దూర్చి పట్టుకుంటుంది. ఇంకా భద్రం కావాలంటే చిన్న వల ఉంది, బిళ్ళని మొత్తం మూటగట్టి తెస్తుంది, గొంతు దాటేటప్పుడు జారి శ్వాసనాళంలో పడే భయం తగ్గుతుంది. ఇక్కడొక మాట చెప్పక తప్పదు. పిల్లాడు మింగింది బిళ్ళ కాక బటన్ బ్యాటరీ అయితే, అది అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే గోడని కాల్చేయగలదు. రిమోట్లలో వాడే పెద్ద రకం 20 మిల్లీమీటర్లు, ఎక్స్‌రేలో తొందరపాటున చూస్తే బిళ్ళలాగే కనిపిస్తుంది. "అరటిపండు పెడితే అదే పోతుంది" అన్న పెద్దవాళ్ల సలహా అప్పుడు పనికిరాదు.

డిజైన్ చేసేవాళ్లు అందరికన్నా తక్కువ ఆలోచించేది వదలడం గురించి అని నా అభిప్రాయం. పిత్తనాళంలో రాయిని తీగల బుట్టలో పట్టారు, రాయి పెద్దది, నాళం నోరు చిన్నది. రాయి బయటికి రాదు, బుట్ట రాయిని వదలదు. ఎండోస్కోపీ గదిలో అందరికీ టెన్షన్ పెట్టే ఘడియ అది. దీనికి రెండు జవాబులున్నాయి. ఒకటి, బుట్ట మీదికి లోహపు కాయిల్ తొడిగి, తీగలని బలంగా లోపలికి లాగి రాయినే పగలగొట్టడం. రెండోది, బలం ఒక హద్దు దాటితే బుట్ట కొస ఫలానా చోటే విడిపోయేలా ముందే బలహీనంగా చేసి పెట్టడం. ఎక్కడ తెగాలో డిజైనరే తేల్చి పెడతాడు. లేకపోతే తీగ తనకి నచ్చిన చోట తెగుతుంది, అది నాళం మధ్యలో కూడా కావచ్చు.

పాలిప్ కోసే తీగ ఉచ్చుకి, అంటే స్నేర్‌కి వస్తే కరెంటు తోడవుతుంది. సెకనుకి మూడు లక్షలకి పైగా ఊగే కరెంటు వాడతారు, అంత వేగానికి నరాలు, కండరాలు అదరవు, కండ వేడెక్కుతుంది అంతే. అదే కరెంటు రోగి తొడకో, వీపుకో అంటించిన వెడల్పాటి ప్లేటు దగ్గర ఏమీ చేయదు, సన్నటి తీగ దగ్గర కోస్తుంది. వేడి కరెంటు సాంద్రతకి వర్గంతో పెరగడమే కారణం. తీగ సన్నదైతే చురుగ్గా కోస్తుంది కానీ రక్తం ఆపదు, లావైతే రక్తం ఆపుతుంది కానీ వేడి లోతుకి పాకుతుంది. తొడుగులో వెంట్రుకంత చీలిక ఉన్నా కరెంటు తెరమీద కనపడని చోట దిగుతుంది. ఇన్ని తలనొప్పులున్నాయి కాబట్టే కాబోలు, 10 మిల్లీమీటర్ల లోపు పాలిప్‌లకి అసలు కరెంటే లేకుండా సన్న తీగతో చల్లగా కోసేయడం ఈ మధ్య బాగా చలామణిలోకి వచ్చింది. ఒక భాగాన్ని తీసేయడం వల్ల మెరుగైన డిజైన్ ఇది, అలాంటివి అరుదు.

పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి చేసే ల్యాప్రోస్కోపీ ఈ తీగల బాధలోంచి చాలావరకు తప్పించుకుంటుంది. గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌ని 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె మొదటిసారి ఇలా చేశాడు, ఇప్పుడు మన ఊళ్లలో "హోల్ ఆపరేషన్" అంటే అదే. పనిముట్టు 5 మిల్లీమీటర్ల తిన్నటి కడ్డీ, తీగ బదులు లోపల గట్టి రాడ్డు. కానీ పొట్టగోడ దగ్గర అది ఇరుసు మీద తిరుగుతుంది, చెయ్యి కుడికి పోతే కొస ఎడమకి పోతుంది. కడ్డీ 24 సెంటీమీటర్లు లోపల, 12 బయట ఉంటే చేతి వణుకు కొస దగ్గర రెట్టింపవుతుంది. డాక్టర్లు కొన్నాళ్లకి దానికి అలవాటుపడతారు. అలవాటు కానిది హ్యాండిలు. ఎక్కువ హ్యాండిళ్లు పెద్ద చేతులకి కొలిచి చేసినవి, చిన్న గ్లవ్ సైజు వాళ్లు బొటనవేలి రింగుతో, బిగువైన ట్రిగ్గర్లతో ఇబ్బంది పడతారు. మన దగ్గర గైనిక్ ల్యాప్రోస్కోపీ చేసేవాళ్లలో ఆడ డాక్టర్లు ఎంతమందో తెలిసీ, ఇక్కడ అమ్మే పనిముట్లకి చిన్న సైజు హ్యాండిలు అడిగే అలవాటు ఇంకా రాకపోవడం నాకు వింతగానే ఉంది.

కడగలేనిది పనిముట్టు కాదు

పనిముట్టు రోగిలోంచి బయటికొచ్చాక ఏమవుతుందన్నది డిజైన్‌లో భాగమేనని చాలామంది ఒప్పుకోరు, అది ఆస్పత్రి పని అంటారు. ఒప్పుకోక తప్పని సంఘటన ఒకటి జరిగింది. డ్యుయోడినోస్కోపు కొసన పనిముట్టుని పైకి ఎత్తి పిత్తనాళం నోటి వైపు మళ్లించే చిన్న మీట ఉంటుంది. ఆ మీట వెనక సందుల్లో మలినం ఇరుక్కుంటే బ్రష్షు చేరదు. తయారీదారు చెప్పినట్టే కడిగినా, మందులకి లొంగని బ్యాక్టీరియా ఒక రోగి నుంచి ఇంకో రోగికి చేరిన ఉదంతాలు బయటపడ్డాయి. 2015 ఫిబ్రవరిలో మందులని, వైద్య పరికరాలని నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. కొస మూత తీసి పారేసే రకాలకో, ఒక్కసారి వాడి పారేసే వాటికో మారమని 2019లో సలహా ఇచ్చింది. మీట పనితనంలో ఏ లోపమూ లేదు. దాని చుట్టూ ఉన్న సందు కొంప ముంచింది.

ఏది ఎంత శుభ్రంగా ఉండాలన్నదానికి అమెరికా సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఎర్ల్ స్పాల్డింగ్ వేసిన విభజనే ఇప్పటికీ ఆధారం. మ్యూకస్ పొరని తాకి వచ్చే స్కోపుకి హై లెవెల్ డిసిన్ఫెక్షన్ చాలు, గ్లుటరాల్డిహైడ్ లాంటి ద్రావణంలో నానబెడతారు. పొరని తెంపి రక్తం చూసే బయాప్సీ ఫోర్సెప్స్‌కి అది చాలదు, పూర్తి స్టెరిలైజేషన్ కావాలి. అంటే, స్కోపు లోపలికి వెళ్లే చిన్న పనిముట్టుకి స్కోపుకన్నా కఠినమైన నియమం. ఆటోక్లేవ్‌లో 134 డిగ్రీల ఆవిరిని తట్టుకోవాలి, అదీ ఒక్కసారి కాదు. ఇప్పుడు ఆ చుట్టకి చుట్ట ఆనుకున్న కాయిల్‌ని మళ్లీ తలుచుకోండి. బలం బాగా అందడానికి అంత దగ్గరగా చుట్టాం, ఆ సందుల్లోకే రక్తం పీల్చుకుంటుంది. మీటరున్నర పొడవునా అదే పరిస్థితి. ఎంజైమ్ ద్రావణం పోసిన అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో పెట్టకుండా దాన్ని కడగడం కుదరదు. ఎండిపోయాక అయితే ఏం చేసినా దండగే.

అందుకే ప్రపంచమంతా ఒకసారి వాడి పారేసే ఫోర్సెప్స్ వైపు నడిచింది. మన ఆస్పత్రుల్లో ఖర్చు చూసుకోవాలి కాబట్టి "సింగిల్ యూజ్" అని రాసి ఉన్నవాటిని కూడా శుభ్రం చేసి మళ్లీ వాడే అలవాటు ఉంది. డాక్టర్లని తిట్టి లాభం లేదు, బిల్లు కట్టేది రోగి బంధువులే. కానీ ఒకసారికని చేసిన తొడుగు, జిగురు, వెల్డు పదోసారి ఏమవుతాయో తయారీదారు పరీక్షించలేదు. మన దేశానికి కావాల్సింది పారేసేవాటి చవక నకళ్లు కాదని నేను గట్టిగా నమ్ముతాను. విప్పి కడగగలిగే, ఇన్నిసార్లని నమ్మకంగా లెక్క చెప్పగలిగే రకం కావాలి. అది చేయడం పారేసేది చేయడం కన్నా కష్టం.

ఆటోనగర్‌లో చేయొచ్చా?

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. విజయవాడ ఆటోనగర్ అంటే లారీ బాడీలు, గేర్‌బాక్సులే గుర్తొస్తాయి గానీ, అక్కడి డీజిల్ పంపు సర్వీసు షాపుల్లో నాజిల్ సూదికీ దాని గూటికీ మధ్య సందు కొద్ది మైక్రాన్లే ఉంటుంది. దాన్ని వేలితో తడిమి పట్టేసే మేస్త్రీలున్నారు. చేతి పనితనం లోటు లేదు. బయాప్సీ కప్పుని వైర్‌కట్ (కరెంటు తీగతో లోహాన్ని కోసే యంత్రం) మీద తీయగలరు, 5 మిల్లీమీటర్ల కడ్డీని తిప్పగలరు.

చిక్కు వేరే చోట వస్తుంది. నిన్న మైల్డ్ స్టీలు తిప్పిన లేత్ మీద, అదే గ్రైండింగ్ రాయితో ఇవాళ స్టెయిన్‌లెస్ చేస్తే ఇనుప రజను దాని పైపొరలో దిగబడుతుంది. బయటికి తళతళలాడుతూనే ఉంటుంది, ఆటోక్లేవ్‌లోకి వెళ్లాక ఎర్రటి చుక్కలు లేస్తాయి. విడి యంత్రాలు, తర్వాత పైపొరలోని ఇనుప రజనుని ఆసిడ్‌తో కరిగించే పాసివేషన్ తప్పనిసరి. ఆ మీదట కాగితాలు. ఈ కడ్డీ ఏ మిల్లు నుంచి వచ్చింది, ఏ బ్యాచి, ఎవరు వెల్డు చేశారు అన్నది ఐదేళ్ల తర్వాత కూడా చూపించగలగాలి. వైద్య పరికరాల తయారీకి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 13485 అడిగేది ముఖ్యంగా ఈ క్రమశిక్షణే. ఏది ఎలా పాడవొచ్చు, పాడైతే రోగికి ఏమవుతుంది అని ముందే రాసుకోవడానికి ఐఎస్ఓ 14971, ఒంటికి తగిలే పదార్థం హాని చేయదని చూపడానికి ఐఎస్ఓ 10993 ఉన్నాయి. మన దేశంలో 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ పరికరాలని ప్రమాద స్థాయిని బట్టి ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు చేశాయి. ఎ, బి తరగతుల తయారీ లైసెన్సు రాష్ట్ర అధికారుల చేతిలో, సి, డి కేంద్రం చేతిలో ఉంటాయి. 2023 అక్టోబరు నుంచి సి, డి కూడా లైసెన్సు పరిధిలోకి వచ్చేశాయి, "ఇది మందు కాదు కదా" అని తప్పించుకునే దారి మూసుకుపోయింది.

మనకి అనుకూలించేవీ ఉన్నాయి. పరీక్షల కోసం పైదేశాలకి పంపక్కర్లేకుండా విశాఖలో వైద్య పరికరాల కోసమే పెట్టిన మెడ్‌టెక్ జోన్ ఉంది. వాడి చూసి తిట్టగలిగే డాక్టర్లు మంగళగిరి ఎయిమ్స్‌లో, గుంటూరు జీజీహెచ్‌లో, విజయవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీలో ఉన్నారు. తిట్టడం అని కావాలనే అన్నాను. నమూనా తీసుకెళ్తే "బాగుంది" అన్న డాక్టరు కన్నా, హ్యాండిలు సిస్టర్ చేతికిచ్చి "ఏమ్మా, మూసుకుందో లేదో తెలుస్తోందా?" అని అడిగే డాక్టరు వంద రెట్లు మేలు.

మొదలుపెట్టాల్సింది మాత్రం కరెంటు స్నేర్‌తోనో, రాళ్ల బుట్టతోనో కాదు. ఛానెల్ కడిగే బ్రష్షుతో మొదలుపెట్టమంటాను. చూడటానికి చాలా చిన్న వస్తువు, ప్రతి కేసు తర్వాతా కావాలి. ఇందాక చెప్పిన లెక్కలన్నీ దానిలోనూ ఉన్నాయి. 2.8 ఛానెల్లో వంపుల గుండా తోయాలి కాబట్టి తీగ మడతపడకూడదు. కుచ్చు గోడకి ఆనాలి, అలాగని పట్టేయకూడదు. ఒక్క పోగు ఊడి లోపల ఉండిపోయినా తర్వాతి రోగి దాకా వెళ్తుంది. మంచి బ్రష్షుల కొసన చిన్న గుండ్రటి పూస ఉంటుంది, తీగ మొన ఛానెల్ గోడని గీరకుండా. అది లేని బ్రష్షుతో రోజూ తోమితే ఛానెల్ లోపల గీతలు పడతాయి, ఆ గీతల్లో చేరిన మురికిని ఆ తర్వాత ఏ బ్రష్షూ తీయలేదు.